మెట్ట బీళ్ళలో పొట్టేలు పిల్లలకు కండ పట్టించే పద్ధతి

మందలో ఉన్న జీవాలన్నింటికీ దాణా పెట్టే స్తోమత మనలో ఎవరికీ లేదు. పెట్టాల్సిన అవసరమూ లేదు. అమ్మబోయే పొట్టేలు పిల్లలను మందలోంచి వేరు చేయండి. ఏ రోజు అమ్మాలో ముందే అనుకోండి. ఆ రోజుకు మూడు నెలల ముందు నుంచి వాటికి మాత్రమే పెట్టండి. తల్లిగొర్రెలు ఎప్పటిలాగే బీళ్ళ మీద, గట్ల మీద బతుకుతాయి. నేను చెప్పేదంతా ఈ నాలుగు మాటల చుట్టూనే ఉంటుంది.

మాది విజయనగరం జిల్లా మెంటాడ మండలంలో కొండల కింద ఊరు. మంద వెంట మా ఆయన వెళ్తారు, దొడ్డి నా చేతిలో ఉంటుంది. అందుకే గడ్డి గురించి తక్కువ, దొడ్డిలో చేసే పని గురించి ఎక్కువ చెబుతాను.

అనంతపురం వాళ్ళు చూస్తే మాది కరువు ప్రాంతం అనరు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగానే వాన పడుతుంది. అయితే వాన పడే నెలలు వేరు, పిల్లలకు మేత కావలసిన నెలలు వేరు. గొర్రె చూడి అయిదు నెలలు. తొలకరి పచ్చిక తిని జూన్, జూలైలలో చూడి కట్టినవి నవంబరు, డిసెంబరుల్లో ఈనుతాయి. పిల్ల పాలు మరిచేసరికి ఫిబ్రవరి, మార్చి వచ్చేస్తాయి. అప్పటికి మెట్టల్లో ఎర్రమట్టి తేలి ఉంటుంది. వరి కోసిన మడుల్లో మినుము, పెసర ఉంటాయి కాబట్టి అక్కడికి మందను రానివ్వరు. ఒకప్పుడు స్వేచ్ఛగా తిరిగిన గరువుల్లో, అంటే ఎత్తున ఉండే మెట్ట నేలల్లో, ఇప్పుడు జీడి, మామిడి తోటల కంచెలు. మిగిలిన చోట నీలగిరి, దాని ఆకును గొర్రె ముట్టదు. తల్లి పాలు, నేల మీది గడ్డి, రెండూ ఒకేసారి అయిపోతాయన్నమాట.

సరిగ్గా అప్పుడే బేరగాడు గుమ్మంలోకి వస్తాడు. “ఎండలు ముదిరితే ఇవి నిలవవమ్మా, ఇప్పుడే ఇచ్చేయండి” అంటాడు. తీసుకువెళ్ళి అతను చేసేది ఏమిటనుకున్నారు? మూడు నెలలు మేపి అమ్ముకుంటాడు. ఆ పని మన దొడ్డిలోనే జరగాలి.

ముందు లెక్క చూసుకోండి

పన్నెండు కిలోల పిల్ల ఎండాకాలమంతా బీడు మేత మీదే ఉంటే రోజుకు 50 గ్రాములు పెరగడం గొప్ప. అదే పిల్లకు సాయంత్రం పూట సగటున పావుకిలో దాణా పడితే 100 నుంచి 120 గ్రాముల దాకా పెరుగుతుంది. 110 అనుకుందాం. తేడా 60 గ్రాములు. తొంభై రోజులకు 5.4 కిలోలు. తిన్న దాణా 22.5 కిలోలు. దాణా కిలో 28 రూపాయలు పడితే ఖర్చు 630. మీ సంతలో బతికున్న పొట్టేలు కిలో 350 పలికితే అదనపు బరువుకు వచ్చేది 1,890. ఈ ధరలు లెక్క కోసం వేసినవి. మీ ఊరి ధరలు పెట్టి మళ్ళీ వేసుకోండి, మందుల ఖర్చూ తీసేయండి. దాణా ధర పెరిగి ఆ మిగులు సగానికి పడిపోయేలా ఉంటే ఆ ఏడాది తక్కువ పిల్లలను దాణాకు కట్టండి. తగ్గించాల్సింది పిల్లల సంఖ్యను. దాణాను తగ్గించి అన్నిటికీ కాస్త కాస్త చల్లితే డబ్బూ పోతుంది, కండా పట్టదు.

ఏ పిల్లను కట్టాలి

ఇక్కడ మా మామగారి చేతికున్న తెలివి నాకు లేదు. ఆయన పిల్లను పైకెత్తరు, పళ్ళు కూడా చివరికే చూస్తారు. మొదట వెనక వైపు నుంచి చూస్తారు: కాళ్ళ మధ్య ఎడం ఉందా, గిట్టలు నిటారుగా పడుతున్నాయా అని. తర్వాత చివరి పక్కటెముక వెనక, నడుం మీద బొటనవేలు, చూపుడువేలు పెట్టి నొక్కుతారు. వెన్నుపూస ముళ్ళు కత్తిలా తగిలి, వాటి కింద వేళ్ళు లోపలికి దిగిపోతే పిల్ల బక్కది. ముళ్ళు గుండ్రంగా తెలిసీ తెలియనట్టుంటే మధ్యరకం. వెతికినా దొరకకపోతే అది అప్పటికే బలిసింది, దానికి దాణా పెట్టడం దండగ.

కొనేటప్పుడు చాలామంది నున్నగా, బొద్దుగా ఉన్నదాన్ని ఎంచుకుంటారు. మేపడానికి అది సరైన ఎంపిక కాదు. ఎముక పెద్దది, నడుం పొడుగు, కళ్ళు చురుకు, ఒంటి మీద మాత్రం కండ లేదు, అలాంటిదాన్ని తీసుకోండి. మేత దొరక్క వెనకబడిన పిల్ల మేత దొరకగానే తోటివాటికన్నా వేగంగా పుంజుకుంటుంది. రోగంతో వెనకబడింది వేరు: పొట్ట ఉబ్బి, తోక కింద మలం అంటుకుని, కీళ్ళు వాచి ఉన్నది ఎంత చవకగా ఇచ్చినా వద్దు. పాలపళ్ళు ఉన్నవే కట్టండి. ముందు రెండు పెద్దపళ్ళు వచ్చాయంటే ఏడాది దాటింది, పెరుగుదల మందగిస్తుంది.

బక్రీదుకు అమ్మదలిస్తే ఇంకో సంగతి. చెవి బాగా తెగినవి, కొమ్ము మొదలంటా విరిగినవి, కుంటివి, ఒంటికన్నువి కుర్బానీకి పనికిరావు, లోపం లేనిదాన్నే కోరుకుంటారు. గుర్తు కోసం చెవికి గాటు పెట్టే అలవాటు మన గొల్లపేటల్లో ఉంది. పొట్టేలు పిల్లలకు ఆ గాటు పెట్టకండి. మెడకు రంగు తాడు కడితే చాలు.

కడుపు శుభ్రం కాకుండా దాణా పెట్టకండి

కడుపులో పురుగులు పెట్టుకుని దాణా పెడితే దాణా పురుగులకే. పిల్ల కింది కనురెప్పను బొటనవేలితో కిందికి లాగి లోపలి రంగు చూడండి. ఎర్రగా ఉంటే మంచిదే. పాలిపోయి తెల్లగా ఉంటే రక్తం తాగే పురుగులు ఉన్నట్టు. దవడ కింద నీటి సంచిలా వేలాడితే ముదిరినట్టు. చెరువు గట్టున, మడుల అంచున నత్తలున్న చోట మేసిన మందలో కాలేయపు జలగలు కూడా ఉంటాయి. మామూలు నులిపురుగుల మందుకు అన్ని జలగలూ పోవు, కాబట్టి పేడ పరీక్ష చేయించి ఏ మందో పశువైద్యుడినే అడగండి. ఉజ్జాయింపుగా పోయకండి. బరువు తూచి, ఆ బరువుకు తగ్గట్టు పోయండి. తక్కువ మోతాదు పడితే చావని పురుగులు మందుకు అలవాటు పడిపోతాయి, రెండేళ్ళలో ఆ సీసా నీళ్ళతో సమానం అవుతుంది.

టీకాల్లో మేపే పిల్లలకు తప్పనిసరిది చిటుక రోగం టీకా. ఈ రోగం బక్కవాటిని వదిలి, బాగా తినే బలిసిన పిల్లనే ఎత్తుకుపోతుంది. సాయంత్రం ఎగిరి గంతులేసింది తెల్లారేసరికి మెడ వెనక్కి విరిచి పడి ఉంటుంది. ఊళ్ళో దిష్టి అంటారు. అది దిష్టి కాదు. ఒక్కసారిగా పిండిపదార్థం ఎక్కువగా పడితే పేగులో ఉండే సూక్ష్మజీవి విజృంభించి విషం వదులుతుంది. మొదటిసారి వేయించే పిల్లలకు రెండు, మూడు వారాల తేడాతో రెండు మోతాదులు పడాలి. దాణా పెంచడానికి ముందే ఇవి పూర్తవ్వాలి. పారుడు రోగానికి, అంటే పీపీఆర్‌కు, పిల్లకు నాలుగో నెల రాగానే ఒకసారి టీకా వేయిస్తే దాదాపు మూడేళ్ళు కాపు.

దాణా

మా దొడ్డిలో నూరు కిలోలకు కలిపేది ఇది: నలగ్గొట్టిన మొక్కజొన్న 40, తవుడు 23, వేరుశనగ చెక్క 20, మినప లేదా కంది పొట్టు 13, ఖనిజ మిశ్రమం 2, ఉప్పు 1, సున్నపురాయి పొడి 1. మాంసకృత్తులు నూటికి 16, 17 పాళ్ళు వస్తాయి. ఎండుగడ్డి మీద బతికే పిల్లకు ఆ పాటి ఉండాలి. మొక్కజొన్న ధర ఎక్కినప్పుడు కొంత తగ్గించి ఉడికించిన ఉలవలు కలుపుతాను. వేరుశనగ చెక్క దొరక్కపోతే నువ్వుల చెక్క.

మొక్కజొన్నను పిండి చేయించకండి. గింజ మూడు, నాలుగు ముక్కలైతే చాలు. మెత్తటి పిండి కడుపులో త్వరగా పులుస్తుంది, ముక్కులోకి వెళ్ళి దగ్గు తెస్తుంది. తవుడు మిల్లు నుంచి తాజాగా తెచ్చుకుని రెండు మూడు వారాల్లో వాడేయండి. గుప్పిట్లోకి తీసుకుని వాసన చూస్తే తెలుస్తుంది: తియ్యటి వాసన ఉండాలి, మక్కిన నూనె వాసన వస్తే పిల్ల మూతి తిప్పుకుంటుంది. చెక్కను విరిచి చూడండి. లోపల పచ్చటి, నల్లటి బూజు కనిపిస్తే ఎండబెట్టినా, ఉడికించినా ఆ విషం పోదు. పారబోయండి.

కోళ్ళ మేత చవకగా దొరుకుతుందని తెచ్చే వాళ్ళున్నారు. గొర్రెకు రాగి లోహం ఎక్కువైతే కాలేయంలో పేరుకుంటుంది. కోళ్ళకూ పశువులకూ చేసిన మేతలో అది గొర్రె తట్టుకోలేనంత ఉండవచ్చు. నెలల తరబడి ఏమీ కనిపించదు, ఒకరోజు మూత్రం ఎర్రగా వచ్చి పిల్ల పడిపోతుంది. ఖనిజ మిశ్రమం కొనేటప్పుడూ గొర్రెలకని రాసి ఉన్నదే అడగండి. యూరియా కలిపిన గడ్డి గురించి కూడా వినే ఉంటారు. అది పెద్ద జీవాలకు, కొలత తెలిసిన చేతులకు. ఆరు నెలల్లోపు పిల్లల దగ్గరకు రానివ్వకండి.

అలవాటు చేయడమే అసలు పని. బీడులో పెరిగిన పిల్లకు తొట్టె అంటే ఏమిటో తెలియదు. మొదటి రెండు రోజులు దాణా మీద కాస్త బెల్లం నీళ్ళు చల్లుతాను, ముందే తినడం వచ్చిన ఒక ముదురు పిల్లను వాటి మధ్య వదులుతాను. అది తింటుంటే మిగిలినవి మూతి పెడతాయి. మొదట తలకు 50 గ్రాములు, మూడు నాలుగు రోజులకోసారి ఇంకో 50 పెంచుతూ రెండు వారాలకు 200 దాకా, ఆ తర్వాత బరువును బట్టి 300 వరకు. తొట్టె దగ్గర ఒక్కో పిల్లకు జానెడు పైన చోటుండాలి, లేకపోతే బలమైనది రెండింటి వాటా తిని అజీర్తి తెచ్చుకుంటుంది, బలహీనమైనది చూస్తూ నిలబడుతుంది. పావుగంటకు తొట్టె ఖాళీ కావాలి. మిగిలితే మర్నాడు పెంచకండి.

ఎప్పుడు పెట్టాలన్నది కూడా ముఖ్యమే. పొద్దున్నే దాణా తిన్న పిల్ల బీడులో మేయదు, నీడ వెతుక్కుంటుంది. మేసి వచ్చాక, నీళ్ళు తాగాక, దీపాలు పెట్టే వేళకు పెట్టండి. ఎండల్లో మేపు వేళలు తెల్లవారుజామున మొదలై పదింటికి ముగియాలి. మళ్ళీ నాలుగు దాటాక. మధ్యాహ్నం ఎండలో తిప్పితే తిన్నది నడకకే ఖర్చవుతుంది. దాణా తినే పిల్ల వేసవిలో రోజుకు మూడు, నాలుగు లీటర్లు తాగుతుంది. నీళ్ళు తక్కువైతే తిండి కూడా తగ్గిస్తుంది. పొట్టేలు పిల్లల్లో మూత్రనాళంలో రాళ్ళు కూడా పడతాయి. మూత్రానికి ముక్కుతూ, తోక ఆడిస్తూ, చుక్కలు చుక్కలుగా పోస్తుంటే అదే. తవుడు ఎక్కువగా తినే వాటికి ఈ బెడద ఎక్కువ. దాణాలో ఉప్పు, సున్నపురాయి పొడి వేసేది కొంత ఇందుకే.

గడ్డి ఎక్కడి నుంచి

దాణా ఒక్కటే కడుపు నింపదు, నింపకూడదు. నెమరు వేయడానికి పీచు కావాలి. గడ్డివాములోని వరిగడ్డి గొర్రెకు పెద్దగా ఉపయోగపడదు. మినప కట్టె, పెసర కట్టె, వేరుశనగ కట్టె, అంటే కాయలు తీశాక మిగిలే ఎండు మొక్కలు, బంగారం లాంటివి. మార్చిలో నూర్పులయ్యాక రైతులు వాటిని కళ్ళంలోనే వదిలేస్తారు, కొందరు తగలబెడతారు. ఎరువు కోసం పొలంలో మంద కట్టినందుకు మనకు డబ్బో ధాన్యమో ఇవ్వడం ఆనవాయితీ కదా. మేము కొందరు రైతుల దగ్గర దానికి బదులు కట్టె తీసుకుంటున్నాం. వాళ్ళకు చేతి డబ్బు మిగులుతుంది, మాకు వేసవి మేత దొడ్డిలోకి వస్తుంది. ఇలా అడిగితే ఇంతవరకు కాదన్న రైతు లేడు. కట్టెను నేల మీద వేయకుండా అటక మీద పేర్చండి, తొలకరి జల్లుకు తడిస్తే బూజు పడుతుంది.

ఆకుల్లో రావి, మర్రి, మేడి మాకు కొండ అంచున దొరుకుతాయి. చెరువు గట్ల తుమ్మకాయలు రాలేది కూడా ఎండల్లోనే, వాటిని ఏరి ఎండబెట్టి దంచి దాణాలో కొద్దిగా కలపవచ్చు. సుబాబుల్ మంచి మేతే కానీ మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి, దాటితే వెంట్రుక రాలుతుంది, గొంతు వాస్తుంది. అవిశకు అంత భయం లేదు. బోరు ఉన్నవాళ్ళు గట్టు వెంట ఒక వరుస అవిశ పెట్టుకుంటే వేసవంతా చేతికి అందుతుంది.

రెండు చోట్ల మాత్రం కళ్ళు తెరిచి ఉండాలి. ఒకటి, వాన లేక గిడసబారిన లేత జొన్న, కోసిన మోడు నుంచి వచ్చిన జొన్న పిలకలు. నాము కొడుతుంది, అంటే ఆ లేత జొన్నలోని విషం ఎక్కుతుంది. నిమిషాల్లో రొప్పి పడిపోతుంది, నీళ్ళు తెచ్చేంత వ్యవధి కూడా ఉండదు. రెండోది, పెళ్ళి భోజనాల మిగులు. వైశాఖంలో ఊళ్ళో పెళ్ళిళ్ళయిన మర్నాడు పందిరి వెనక అన్నం, పులిహోర కుప్పగా పడి ఉంటాయి, మంద అటుగా వస్తే ఇక ఆగదు. అన్నం కడుపులో పులిసి పొట్ట బిగుస్తుంది, పళ్ళు కొరుకుతాయి, పుల్లటి వాసనతో విరేచనాలవుతాయి. నిలబడగలిగే పిల్లకు పదిహేను గ్రాముల వంటసోడా నీళ్ళలో కలిపి, తల పైకెత్తి పట్టకుండా నెమ్మదిగా తాగించి, వెంటనే 1962కు ఫోను చేయండి. సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఆ రోజూ మర్నాడూ దాణా బంద్, ఎండుగడ్డి మాత్రమే.

పాకకు ఖర్చు పెట్టకండి. తాటాకో కొబ్బరి మట్టలో కప్పు, నాలుగు వైపులా తడిక, పిల్లకు ఎనిమిది, పది చదరపు అడుగుల చోటు. నేల ఎండి ఉంటే చాలు.

తూకం

వేపకొమ్మకు వేలాడదీసిన స్ప్రింగు కాటా, రెండు పక్కలా తాడు కుట్టిన గోనెసంచి. నా దగ్గరున్న యంత్రసామగ్రి ఇంతే. సంచిని పిల్ల పొట్ట కింద దూర్చి, తాళ్ళు కొక్కేనికి తగిలించి ఎత్తితే కాళ్ళు గాల్లోకి లేస్తాయి. ఒక చేత్తో కళ్ళు మూస్తే గింజుకోవడం ఆగుతుంది, ముల్లు నిలుస్తుంది. పదిహేను రోజులకోసారి, తెల్లవారి నీళ్ళు తాగకముందు తూచండి. కడుపు నిండితే రెండు కిలోలు అటూ ఇటూ అవుతుంది. మా అబ్బాయి పాత నోటుపుస్తకంలో తాడు రంగు పక్కన బరువు రాస్తాడు. పక్షానికి కిలో కూడా పెరగని పిల్ల ఉంటే కనురెప్ప, గిట్టలు, పళ్ళు చూడండి. కారణం దొరక్కపోతే దాన్ని మందలోకి తోలేయండి. దాని వాటా దాణా ఇంకోదానికి పనికొస్తుంది.

కాటా లేకపోతే టేపు. ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో, భుజం నుంచి పిర్ర ఎముక దాకా పొడవు అంగుళాల్లో. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు. 27 అంగుళాల ఛాతీ, 23 అంగుళాల పొడవు ఉంటే పాతిక కిలోలు కాస్త దాటుతుంది. కిలో, రెండు కిలోలు తేడా రావచ్చు. బేరగాడి కంటి చూపు కన్నా నయం.

అమ్మకం

రోజు ముందే అనుకోమన్నాను కదా. మాకు సంక్రాంతి, కనుమ ఉన్నాయి. ఆ వెంటనే శంబర పోలమాంబ జాతర. దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం. ఎండల్లో ఊరూరా గ్రామదేవతల పండగలు. బక్రీదు ఏటా దాదాపు పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. ఎంచుకున్న పండగ నుంచి తొంభై రోజులు వెనక్కి లెక్కపెట్టి పిల్లలను కట్టండి. ఎండాకాలం పండగలకైతే జనవరి, ఫిబ్రవరిలోనే మొదలవ్వాలి. ముందటి కాన్పు పిల్లలు అందుకు సరిపోతాయి. ఫిబ్రవరి, మార్చిలో పాలు మరిచినవి ఆ పండగలకు అందవు, వాటిని వేసవంతా నిలబెట్టి దసరాకు తయారు చేయండి. పండగకు వారం ముందే బేరం తేల్చుకోండి. ముందురోజు సంతకు వచ్చిన జీవాలన్నీ ఒకేచోట పడతాయి, సాయంత్రానికి ధర జారిపోతుంది.

మానాపురం సంతలో ఇప్పటికీ తువ్వాలు కింద వేళ్ళు పట్టుకునే బేరాలు నడుస్తాయి. నడవనివ్వండి. మీరు మాత్రం ఇంటి దగ్గర తూచిన కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళండి, కిలో ధర మాట్లాడండి. “జీవం లెక్కన చెప్పమ్మా” అంటాడు. చెప్పకండి. సంతకు తోలేముందు ఉప్పు పెట్టి కడుపు నిండా నీళ్ళు తాగించే వాళ్ళున్నారని బేరగాళ్ళకు తెలుసు, అందుకే పొట్ట తట్టి చూస్తారు. అలాంటి పని పెట్టుకుంటే మీ కాగితానికి విలువ ఉండదు. పురుగుల మందు ఎప్పుడు పోశారో కూడా ఆ పుస్తకంలోనే ఉండాలి. సీసా మీద రాసిన గడువు తీరకుండా కోతకు ఇవ్వకూడదు.

పాతిక నుంచి ముప్పై కిలోల మధ్య అమ్మేయండి. ఆ పైన తిన్నదానిలో ఎక్కువ పాలు కొవ్వుగా మారుతుంది, కిలో పెరగడానికి పట్టే దాణా పెరుగుతూ పోతుంది. పెద్ద పొట్టేలు కావాలని ముందే బయానా ఇచ్చినవాళ్ళు ఉంటే తప్ప ఆగకండి. జట్టు మొత్తం వెళ్ళాక దొడ్డి పెంట ఎత్తి ఎరువుగా అమ్మేసి, నేల గీకి, సున్నం చల్లి, రెండు వారాలు ఎండకు వదిలేశాకే తర్వాతి పిల్లలను కట్టండి.